మా వదిన కలిపిన ఒక్క లైను

మా వదిన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మా ఇంట్లో తలా ఒక మాట చెబుతారు. మా అన్నయ్య "కంప్యూటర్ పని" అని తేల్చేస్తాడు. మా అమ్మ "టైపు కొడుతుంది" అంటుంది. నన్ను అడిగితే మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెబుతాను. ఆ పనిలో కొంత చాకిరీ నా నెత్తిన కూడా పడింది కాబట్టి ఆ హక్కు నాకుందని నా నమ్మకం.

ఏదైనా యంత్రం కొంటే దాన్ని తయారు చేసినవాళ్లు దాంతోపాటు ఒక ఫైలు ఇస్తారు. దాన్ని హెడర్ ఫైలంటారు. అది ఏ పనీ చేయదు. ఈ యంత్రాన్ని ఏ పేరుతో పిలవాలి, పిలిచినప్పుడు ఏమివ్వాలి, అది తిరిగి ఏం చెబుతుంది అన్నది మాత్రం అందులో ఉంటుంది. అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ఏ ఫ్లాటులో ఎవరుంటారో రాసిపెట్టిన బోర్డు లాంటిదన్నమాట. యంత్రాలవాళ్లు ఆ బోర్డును సి అనే కంప్యూటర్ భాషలో రాస్తారు. వదిన పనిచేసే కంపెనీలో ప్రోగ్రాములన్నీ పాస్కల్ అనే పాత భాషలో ఉన్నాయి. అక్కడి పెద్దాయన వయసులో ఉన్నప్పుడు పాస్కల్ నేర్చుకున్నాడు, దాంతోనే కాపురం చేశాడు, ఇప్పుడు వదలమంటే వదలడు. అందుకని వచ్చిన ప్రతి హెడరునూ ఎవరో ఒకరు సి లోంచి పాస్కల్‌లోకి మార్చాలి. ఆ ఎవరో ఒకరు మా వదిన.

ఆవిడ మొదట అక్కడికి వెళ్లింది ఉత్తరాలు టైపు చేయడానికే. టైర్ల షాపు మీద ఒకే ఒక గది. కింద గాలి కొట్టే మోత, పైన పెద్దాయన దగ్గు. హెడర్లు మార్చే మనిషి ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తే పెద్దాయన తల పట్టుకుని కూర్చున్నాడట. "నేను చూడనా అండీ" అంది వదిన. పాత ఫైళ్లనూ వాటి అసళ్లనూ పక్కపక్కన పెట్టుకుని, ఇక్కడ ఇలా ఉంటే అక్కడ అలా అయిందని తనంతట తనే పట్టేసింది. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. తూకం మిషన్లు, లిఫ్టులు, పాల డెయిరీలో చల్లగదులు, ఇలా ఎన్నో ఆవిడ చేతి మీదుగా పోయాయి. వాటిని వాడేవాళ్లెవరికీ ఆవిడ ఉందని కూడా తెలియదు.

ఆవిడకొక పద్ధతి ఉంది. మార్చడం అయ్యాక రెండు కాగితాలూ అచ్చు వేసి ఇంటికి తెస్తుంది. సి కాగితం తన చేతిలో, పాస్కల్ కాగితం నా చేతిలో. తను ఒక లైను చదువుతుంది, నేను దానికి జోడీ లైను చదవాలి. అర్థం తెలిసినవాళ్లయితే తప్పును కూడా సరిచేసుకుని చదివేస్తారట, నాకేమీ తెలియదు కాబట్టి ఉన్నదున్నట్టు చదువుతానట. ఇంత గొప్ప మెచ్చుకోలు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

"ఒక్క ముక్క తగ్గకూడదు, ఒక్క ముక్క ఎక్కువ కాకూడదు. నా సొంత తెలివి అందులో ఎక్కడా కనబడకూడదు" అనేది.

"తెలివి పక్కన పెట్టడం నీకు బాగా అలవాటే కదా వదినా, లేకపోతే మా అన్నయ్యను చేసుకుంటావా" అనేదాన్ని నేను. కాగితాల కట్టతో నా నెత్తి మీద ఒకటి పడేది.

నా గురించి ఒక్క ముక్క. నేను డ్రైవింగ్ నేర్పుతాను. నేర్చుకునేవాళ్లు స్టీరింగ్ పట్టుకుంటే పక్క సీట్లో నేనుంటాను. నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అందుకే వదిన నన్ను డ్రైవరమ్మా అని పిలుస్తుంది. నా నోరు మంచిది కాదని ఊళ్లో పేరు. ఆ సీట్లో కూర్చుంటే ఎవరి నోరైనా అలాగే తయారవుతుంది.

అన్నయ్య ఊరికి నీళ్లిచ్చే కేంద్రంలో క్లోరిన్ గది ఆపరేటరు. నీళ్లు శుభ్రం చేసేందుకు క్లోరిన్ వాయువు పెద్ద సిలిండర్లలో వస్తుంది. అది లీకయితే ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఏళ్ల తరబడి ఆ గదిలో పనిచేసి అన్నయ్యకు ముక్కు మొద్దుబారింది, వాసన పట్టలేడు. అందుకని కేంద్రంవాళ్లు లీకును పసిగట్టే పెట్టె ఒకటి కొని గదిలో గోడకు బిగించారు. ఆ పెట్టె చెప్పేది విని బయట గంట మోగించే ప్రోగ్రాం పెద్దాయన రాశాడు. హెడరు మార్చింది వదిన. గంట పెట్టాక అన్నయ్యకు కొండంత ధైర్యం వచ్చింది.

"గంట మోగితే బయటికి, ఆగితే లోపలికి. నా ఉద్యోగమంతా ఇంతే ఇప్పుడు. మా ఆవిడ గంట అది" అని అందరికీ చెప్పుకునేవాడు. సాధారణంగా మా అన్నయ్య నోట్లోంచి ఇన్ని మాటలు రావు. దేనికైనా "ఊఁ" అంటాడు, అంతే. వద్దు అననంతవరకు సరే అన్నట్టు లెక్క.

ఆ రోజు ఉదయం నా పక్కన స్టీరింగ్ పట్టుకున్నది ఒక దర్జీ. నడివయసు మనిషి, గుడ్డ కత్తిరించేటప్పుడు ఎంత జాగ్రత్తో బండి నడిపేటప్పుడూ అంతే. సైకిళ్లు మమ్మల్ని దాటిపోతున్నాయి. బస్టాండు మలుపులో ఫోను మోగింది.

"డ్రైవరమ్మా, కారు తీసుకుని టైర్ల షాపు దగ్గరికి రా. ఇప్పుడే రా."

"ఏమైంది వదినా?"

"రా ముందు."

గట్టిగా మాట్లాడలేదు, ఏడవలేదు. కానీ ఆ గొంతు వినగానే కారు పక్కకు తీయించాను. దర్జీని వెనక సీట్లోకి పంపి స్టీరింగ్ నేను తీసుకున్నాను. వెళ్లేసరికి వదిన టైర్ల మధ్య నిలబడి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. పైన విడిచిన చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి దిగి వచ్చేసింది.

"మీ అన్నయ్య దగ్గరికి పోనీ" అంటూ ఎక్కింది. ఒక చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉంది. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. క్లోరిన్ గదిలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. అన్నయ్య ఫోను బయట లాకర్లో ఉంటుంది. ఆ సంగతి తెలిసీ మళ్లీ మళ్లీ చేస్తోంది.

"చెప్పవా? నా గుండె ఆగేట్టుంది" అన్నాను.

చెప్పింది. ఆ పెట్టె చేసే కంపెనీవాళ్లు కొత్త మోడల్ హెడరును ఈ ఉదయం పంపారు. వదిన దాన్ని మార్చడానికి కూర్చుంది. పాత హెడరులో "సున్నా వస్తే లీకు లేదు, సున్నా కానిది వస్తే ఉంది" అని మాత్రమే ఉండేది. కొత్తదాంట్లో వాళ్లే విడమరిచి పేర్లు పెట్టారు. సున్నా అంటే లేదు. ఒకటి అంటే కొంచెం. రెండు అంటే ఎక్కువ.

"అయితే?"

"సి లో సున్నా కానిదల్లా అవునే. మీ అన్నయ్య ఊఁ అన్నట్టు. పాస్కల్‌లో అలా కుదరదు, అవునంటే ఏదో తేల్చి చెప్పాలి. అప్పట్లో పెద్దాయన ఆ సున్నా కానిది గిన్నా కానిది నాకొద్దమ్మా, అవునో కాదో ఒక్క ముక్కలో ఇయ్యి అన్నాడు. పెట్టెను బల్ల మీద పెట్టి కొంచెం గ్యాసు చూపిస్తే ఒకటి వచ్చింది. అవునంటే ఒకటి అని నేనే ఒక లైను రాసిచ్చాను. అసల్లో లేని లైను. నేను కలిపిన లైను."

ఆ హెడరు మేమిద్దరం చదివినప్పుడు ఆ లైనుకు సి కాగితంలో జోడీ లేదని నేనన్న మాట నాకు గుర్తుంది. "అది నాదిలే, పెద్దాయన కోసం" అంది వదిన. ఆవిడే అన్నాక నేను కాదనడానికి నాకేం తెలుసు.

"అంటే పెద్ద లీకైతే గంట మోగదా?" అన్నాను.

"మోగకపోవడం కాదే. ముందు కొంచెమే లీకవుతుంది, ఒకటి వస్తుంది, గంట మోగుతుంది. తర్వాత ఎక్కువవుతుంది, రెండు వస్తుంది. రెండంటే ప్రోగ్రాంకి అవును కాదు. మోగుతున్న గంట ఆగిపోతుంది."

ఆగితే లోపలికి. అన్నయ్య మాట నా చెవిలో గింగురుమంది. కారు వేగం పెంచాను.

"ఆ పెట్టె కంపెనీవాడికి ఫోన్ చేశాను. పాతదీ అంతే, మొదట్నుంచీ అంతే కదా మేడమ్ అన్నాడు" అంది వదిన.

ఈసారి కేంద్రం ఆఫీసుకు ఫోను చేసింది. అక్కడి గుమాస్తా ఎత్తాడు. నాకు వినబడేలా స్పీకరు పెట్టింది.

"ఈరోజు సిలిండర్ మారుస్తున్నారమ్మా, ఆయన అక్కడే ఉన్నాడు. ఏం కంగారు లేదు, ఆ గది సంగతి చూపించే స్క్రీను ఇక్కడ పచ్చగానే ఉంది."

"ఆ పచ్చ నమ్మొద్దండీ. ఆయన్ని బయటికి రమ్మనండి, గది దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి."

"ప్రోగ్రాం పరీక్ష చేసే కదమ్మా పెట్టారు?"

"ఆ ప్రోగ్రాంలో తప్పుందండీ. ఆ తప్పు రాసింది నేనే."

"సరే, మనిషిని పంపిస్తా" అని పెట్టేశాడు. ఆ "సరే" వదినకూ నమ్మకం కలిగించలేదు, నాకూ కలిగించలేదు. పని ఒత్తిడిలో ఉన్నవాడు ఫోను పెట్టేయడానికి అనే సరే అది.

సినిమా హాలు దాటాక రోడ్డంతా తవ్వి పెట్టారు. నీళ్ల పైపు వేయడానికట. మా అన్నయ్య దగ్గరికి పోయే రోడ్డును నీళ్లవాళ్లే తవ్వి కూర్చున్నారు. ముందున్న లారీ ఇటూ కదలదు, అటూ కదలదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అద్దం దించి ఆ డ్రైవరును నానా మాటలూ అన్నాను. నేర్చుకునేవాళ్ల బోర్డు తగిలించుకున్న కారులోంచి అంత నోరు వినబడేసరికి పాపం అతను బిత్తరపోయి పక్కకు తీశాడు.

వెనక సీట్లోంచి దర్జీ గొంతు సన్నగా వినబడింది. "అమ్మా, నన్నిక్కడ దింపేస్తారా?"

"దింపాలంటే ఆపాలి. ఆపను. కూర్చోండి."

వదిన మాకేసి చూడలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని పెదాలు కదుపుతోంది. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. చెవి పెట్టి వింటే, "మోగితే మోగుతూనే ఉండాలి, మోగితే మోగుతూనే ఉండాలి" అంటోంది.

కేంద్రం గేటు దగ్గరికి చేరేసరికి గంట మోగుతోంది.

పంపుల మోతను దాటుకుని కణకణమని వినబడుతోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. గంట మోగుతోందంటే అన్నయ్య బయటే ఉన్నాడని అర్థం. కానీ గేటుకు అడ్డంగా ఇనప కడ్డీ ఉంది, కాపలాదారు తాళం చెవి కోసం జేబులన్నీ వెతుక్కుంటున్నాడు. వదిన కారు దిగి, కడ్డీ కిందనుంచి దూరి, కంకర మీద ఉత్త కాళ్లతో పరుగు తీసింది. నా కంటికి దూరంగా క్లోరిన్ గది కనబడుతోంది. నీళ్ల ట్యాంకు నీడలో అన్నయ్యా ఇంకో పనివాడూ నిలబడి ఉన్నారు. గుమాస్తా పంపిస్తానన్న మనిషి జాడ ఎక్కడా లేదు.

అప్పుడు గంట ఆగిపోయింది.

"హమ్మయ్య, తగ్గింది" అన్నాడు కాపలాదారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నయ్య నీడలోంచి బయటికి వచ్చాడు. మెడలో వేలాడుతున్న మాస్కు ముక్కు మీదకు లాక్కున్నాడు. నిదానంగా, రోజూ వెళ్లినట్టే, తలుపు వైపు నడుస్తున్నాడు. వదిన అరుస్తోంది. "ఏవండీ! ఏవండీ!" అని నోరు కదలడం కనబడుతోంది గానీ ఆ పంపుల మోతలో కారు దాకా కూడా రాని అరుపు ఆయన చెవికేం చేరుతుంది! అన్నయ్య గడియ మీద చెయ్యి వేశాడు.

నేను హారను మీద రెండు చేతులూ పెట్టి నొక్కాను. ఎత్తలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం దాన్ని కాస్త గట్టిదే పెట్టించుకున్నాను, ఆ రోజు అది పనికొచ్చింది. అన్నయ్య తల తిప్పాడు. గేటు బయట మా కారు కనబడి ఉంటుంది, ఆ తర్వాత చెప్పుల్లేకుండా చేతులూపుతూ పరుగెత్తుకొస్తున్న పెళ్లాం కనబడి ఉంటుంది. గడియ వదిలేసి రెండడుగులు ఇటువైపు వేశాడు.

నేను కూడా కడ్డీ కింద దూరి వెళ్లేసరికి వదిన ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతోంది.

"ఏంటే ఇది? గంట ఆగిందిగా!" అంటున్నాడు అన్నయ్య.

"ఆగింది కాబట్టే! తగ్గి ఆగలేదు, పెరిగి ఆగింది!"

"నీ గంటే కదా..."

"నా గంటే! నాదే తప్పు! రండి ఇటు!"

అన్నయ్యకు ఆ మాట ఎంతవరకు అర్థమైందో తెలియదు. పక్కనున్న పనివాడు మాత్రం తలుపు కింది సందు చూపించి నోరు తెరిచాడు. అక్కడ నేల మీద పసుపూ ఆకుపచ్చా కాని పల్చటి పొగ పాకుతోంది. అందరం గాలి వచ్చే వైపుకు పరుగెత్తాం. అప్పుడుగానీ గుమాస్తా బయటికి రాలేదు. వచ్చి చూశాక మాత్రం క్షణం ఆలస్యం చేయలేదు. వీపున గాలి సిలిండర్లు తగిలించుకున్న మనుషులను పిలిపించాడు. వాళ్లు లోపలికెళ్లి వాల్వు కట్టేశారు. మార్చిన సిలిండర్ దగ్గర బిగింపు వాషరు చిట్లిందట. వాళ్లలో పెద్దవాడు అన్నయ్య మెడలోని మాస్కును వేలితో కదిపి చూశాడు. "దీంతో వెళ్లుంటే తిరిగి తలుపు దాకా కూడా వచ్చేవాడివి కాదు" అన్నాడు.

వదిన అక్కడే కంకర మీద కూలబడిపోయింది. పాదాలు కోసుకుపోయి నెత్తురు కారుతోంది. నేను నా చున్నీతో కట్టబోతే దర్జీ వచ్చి నా చేతిలోంచి తీసుకుని, కుదురుగా చుట్టి, చక్కగా ముడి వేశాడు. కారులో మనిషున్నాడని అప్పటిదాకా నాకు గుర్తే లేదు.

మధ్యాహ్నానికి పెద్దాయన ఆయాసపడుతూ వచ్చాడు. "యంత్రం మోడల్ మారడం వల్ల వచ్చిన తేడా అని రాసిద్దాం, పేర్లెందుకు" అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. గుమాస్తా ముందూ, అన్నయ్యతో పనిచేసేవాళ్లందరి ముందూ, ఆ లైను అసలు హెడరులో లేదని, తాను కలిపిందని చెప్పింది. గంట ఆగగానే మీరు కూడా లోపలికి వెళ్లేవారే కదా అని ఒక్కొక్కరి మొహం చూసి మరీ అంది. పెద్దాయన తల దించుకున్నాడు. "కలపమని అడిగింది నేను కదమ్మా" అన్నాడు. ఆ మనిషి మీద నాకున్న కోపం సగానికి సగం అక్కడే దిగిపోయింది.

సాయంత్రం అందరం ఇంటికి చేరాం. అమ్మకు ఏదో జరిగిందని తెలుసు, ఎంత జరిగిందో మేం చెప్పలేదు. వదిన కట్టు కట్టిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"నా మీద కోపంగా ఉందా?" అని అడిగింది వదిన.

"ఊఁ."

"ఊఁ అంటే? ఉన్నట్టా, లేనట్టా? ఈ ఒక్కసారికీ తేల్చి చెప్పండి."

అన్నయ్య కిటికీ వైపునుంచి ఇటు తిరిగాడు. "ఉంది" అన్నాడు. "భయం కూడా ఉంది. గడియ చల్లగా తగిలింది చేతికి, అదే గుర్తొస్తోంది."

వదిన తల ఊపింది. "గంట సరిచేసి పరీక్ష పెడతారట. అయ్యాక మళ్లీ ఆ గదికే వెళ్తారా?" అంది.

"సరిచేసేది ఎవరు?"

"నేనే."

"అయితే వెళ్తా."

అప్పుడు ఏడ్చింది మా వదిన. పొద్దుటినుంచీ పళ్ల బిగువున పట్టుకున్నదంతా వదిలేసి, అమ్మ పరుగెత్తుకొచ్చేంత గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి. ఆ లైను రాసింది నేనై ఉంటే, మా అన్నయ్య అంత నమ్మకంగా అన్నాక కూడా దాన్ని మళ్లీ ముట్టుకునే ధైర్యం నాకు ఉండేది కాదు.

తాను కలిపిన లైను తీసేసి, ఆ హెడరును ఆవిడ మొదటినుంచీ మళ్లీ మార్చింది. సున్నా కానిది ఏదొచ్చినా లీకే అనుకునేలా పెద్దాయన చేత ప్రోగ్రామూ దిద్దించింది. మళ్లీ రెండు కాగితాలూ పట్టుకుని కూర్చున్నాం. ఈసారి నేను చదివిన ప్రతి లైనుకూ అవతల జోడీ ఉంది. ఒక చోట నేను కావాలనే ఆగి, "ఇదెవరిది, నీదా వాళ్లదా?" అన్నాను. నవ్వలేదు. "వాళ్లదే, చూడు" అని కాగితం నా మొహం ముందు పెట్టింది.

పరీక్ష రోజున పెట్టె కంపెనీవాళ్లు రెండు చిన్న బుడ్లలో గ్యాసు తెచ్చారు. ఒకటి పల్చనిది, ఇంకోటి చిక్కనిది. మొదటిసారి, ఈ గంట పెట్టినప్పుడు, పల్చనిదే చూపించి అందరూ చప్పట్లు కొట్టి వెళ్లిపోయారట. ఇప్పుడు పల్చనిది చూపించగానే గంట మోగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వదిన సరిగ్గా గంట కిందే నిలబడి ఉంది. చిక్కనిది చూపించారు. గంట మోగుతూనే ఉంది. గుమాస్తా, పెద్దాయన, పనివాళ్లు అందరూ చెవులు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

"చాలమ్మా, బ్రహ్మాండంగా ఉంది, ఇంక ఆపిద్దాం" అని అరిచాడు గుమాస్తా.

"ఇంకాసేపు మోగనివ్వండి" అంది వదిన.

ఆవిడ నిలబడినంతసేపూ అన్నయ్య కూడా చెవులు మూసుకోకుండా పక్కనే నిలబడ్డాడు.